బిగువు మీట, వదులు మీట

గుంటూరు కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ నా కళ్లకు వెలుగు చుక్కలు మెరిపించి చూపు పరీక్ష పెట్టింది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తోందని, పక్కచూపు మాత్రం చాలావరకు పోయిందని చెప్పింది. జబ్బు పేరు నీటికాసులు, ఇంగ్లీషులో గ్లాకోమా. మందు వేసుకుంటే ఉన్న చూపు నిలుస్తుందట, పోయింది తిరిగి రాదట.

"కారు నడుపుతారా?" అని అడిగింది.

నడుపుతానన్నాను.

"ఇక నడపకండి" అంది.

ఆ రోజు డైరీలో నా కళ్ల గురించి ఒక వాక్యం, పొలం గురించి ఒక పేజీ రాసుకున్నాను. పొలం నా భార్యది. వాళ్ల నాన్న ఇచ్చింది. నరసరావుపేటలో మేముండే ఇంటి నుంచి వినుకొండ రోడ్డు మీద కొంత దూరం పోయి, కాలువ కట్ట ఎక్కి, కట్ట వెంట పోయి, అవతలి పక్కకు దిగితే వస్తుంది. నేను కాలువల శాఖలో ఊరూరూ బదిలీలు తిరిగినన్నాళ్లూ ఆ నల్లరేగడిలో మిరపా పత్తీ వేయించింది, కోయించింది ఆవిడే. ఊళ్లో నన్ను ఆవిడ భర్తగానే గుర్తుపడతారు. రిటైరయ్యాక నేను చేసిన వ్యవసాయమల్లా ఆవిడను కారులో దించి రావడం, కళ్లంలో పట్టెమంచం వేసుకుని పేపరు చదవడం. బస్సు అడ్డరోడ్డు దగ్గర దింపేస్తుంది. అక్కడి నుంచి కట్ట వెంట నడవడానికి ఆవిడ ఎడమ మోకాలు ఒప్పుకోదు. కట్ట మీదకు ఆటోవాళ్లు రారు. అందుకని నేను స్టీరింగు వదిలితే ఆవిడకు పొలం దూరమవుతుందని ఆ రోజే తెలుసు నాకు.

ఆ సంగతి నాకంటే ముందు మా బావమరిదికి తోచింది. ఆవిడకు తమ్ముడు. పక్క పొలం అతనిదే. కబురు తెలియగానే ట్రాక్టరు మీద దిగాడు.

"పొలం నాకు కౌలుకిచ్చెయ్ అక్కా. నువ్వు హాయిగా ఇంటిపట్టున ఉండు. బావగారికి కళ్లు, నీకు కాళ్లు. ఇద్దరూ కలిసి ఒక మనిషి కూడా కాట్లేదు."

"ఒక డ్రైవర్ని పెట్టుకుంటాం రా."

"పెట్టుకో. కోతలొచ్చినయ్యంటే వాడు మిరప లారీ ఎక్కి గుంటూరు యార్డుకి పోతాడు. పోయినేడు నా ట్రాక్టరు డ్రైవరు అట్టాగే పోలా?"

ఆవిడ మజ్జిగ గ్లాసు అతని చేతికిచ్చి, నా వైపు తిరిగి, వంటలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"ఏమండీ, నేను నడపలేనా?"

బావమరిదికి పొలమారింది. "నువ్వా? కారా? ఈ వయసులోనా?"

"తొలికోత నాటికి నా అంతట నేను కారేసుకుని కళ్లంలోకి రాకపోతే పొలం నీకే కౌలుకిస్తా. వస్తే మళ్లీ ఆ మాట ఎత్తగూడదు."

"ఎత్తను పో. రాసుకోండి బావగారూ, మీరు అన్నీ రాస్తారుగా!"

అప్పటికి రెండువేల దశకం సగం దాటింది. మా పాత కారులో క్లచ్ తొక్కడానికి ఆ ఎడమ మోకాలు పనికిరాదు. విజయవాడలో ఒకాయన క్లచ్ లేని కారు అమ్ముతున్నాడని తెలిసి, పాతది అమ్మి అది తెచ్చాం. అలాంటివి మా పల్నాడు రోడ్ల మీద అప్పట్లో కనపడేవి కాదు. మా వీధి మెకానిక్కు బానెట్ ఎత్తి చూసి, "దీనికి జబ్బు చేస్తే మాత్రం నా దగ్గరికి తీసుకురాకండి" అని మళ్లీ మూసేశాడు.

కారుతో వచ్చిన పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఈ కారులో గేర్ల పళ్లచక్రాలు లేవు. రెండు కప్పీలు, వాటి మధ్య ఒక బెల్టు. కప్పీల వెడల్పు మారుతూ ఉంటే బెల్టు పైకీ కిందకీ జారుతుంది, దాన్నిబట్టి ఇంజను బలం చక్రాలకు అందుతుంది. మామూలుగా ఇదంతా కారే చూసుకుంటుంది. లీవరును 'ఎస్' అనే అక్షరం దగ్గర పెడితే మాత్రం ఆ పని మన చేతికిస్తుంది. స్టీరింగు వెనక అటొకటి ఇటొకటి రెండు చిన్న మీటలున్నాయి. ఎడమది మైనస్, కుడిది ప్లస్. వేలితో మన వైపు లాగితే లేని గేర్లను ఉన్నట్టుగా ఒక్కో మెట్టూ మారుస్తుంది. ఎన్నో మెట్టులో ఉన్నామో మీటరు పక్కన అంకె పడుతుంది.

గేర్లు లేని కారుకు గేర్ల వేషం ఎందుకని నాకూ అనిపించింది. కాలువ కట్టను తలుచుకున్నాక అర్థమైంది. కట్ట దిగే దారి ఏటవాలు, మధ్యలో ఒక మలుపు. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే, కాస్త తడిగా ఉన్నా రేగడి మట్టిలో చక్రాలు జారతాయి. అక్కడ ఇంజనే బండిని పట్టి ఆపుతూ దిగాలి. ఆవిడకు ముఖ్యంగా ఈ మీటలే నేర్పాలని నిర్ణయించుకున్నాను. అందరూ ముందుకు పోవడం మీద మనసు పెట్టి నేర్పుతారు. నేను కిందకు దిగడం మీద పెట్టాను.

ఊరి చివర మూతపడ్డ పత్తి జిన్నింగు మిల్లు ఒకటుంది. దాని వెనక ఖాళీ స్థలంలో పొద్దున పూట నేర్చుకునేవాళ్లం. కాపలా మనిషి గేటు తీసి, వేపపుల్ల నోట్లో పెట్టుకుని, సినిమాకు వచ్చినట్టు గోడ మీద కూర్చునేవాడు. పోనివ్వడం, ఆపడం, వెనక్కి రావడం ఆవిడకు తొందరగానే పట్టుబడ్డాయి. తర్వాత లీవరు 'ఎస్' దగ్గర పెట్టించి, "ఎడమది లాగితే తగ్గుద్ది, కుడిది లాగితే పెరుగుద్ది. ఇప్పుడు ఎడమకి తిప్పు" అన్నాను.

ఆవిడ స్టీరింగు కొంచెమే తిప్పి, ఎడమ మీట గట్టిగా లాగింది. బండి గుర్రుమంటూ మెట్టు తగ్గింది గానీ తిరగలేదు. మళ్లీ లాగింది. మళ్లీ గుర్రుమంది. ఎదురుగా పత్తి పొట్టు గుట్ట ఉంది. ఆవిడ రెండు మీటలూ కలిపి పొట్ట దగ్గరికి లాగి, "హో... హో!" అని కేకేసింది. బండి నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, వెళ్లి ఆ గుట్టలో ముక్కు పెట్టింది. దూది తెల్లగా లేచి అద్దం మీద వాలింది.

గోడ మీద మనిషి పుల్ల తీసి, "అమ్మగారూ, గడ్డి వేద్దామా దానికి?" అని అడిగాడు.

"లాగాను గదండీ, తిరగదే!" అంది ఆవిడ నా మీదకు.

"స్టీరింగు తిప్పాలి గదా. మీటెందుకు లాగావు?"

"దాపట పగ్గం లాగితే దాపటికే రావాలి గదా!"

అప్పుడర్థమైంది నాకు. ఆవిడ పెళ్లికి ముందు వాళ్ల నాన్న పొగాకు బండి తోలేది. తమ్ముడు అప్పటికి చంటివాడు. దాపట అంటే ఎడమ, వలపట అంటే కుడి. దాపట పగ్గం లాగితే ఎద్దులు ఎడమకు మళ్లుతాయి. రెండూ లాగి హో అంటే నిలబడతాయి. ఎదురుగా చక్రం ఉన్నా, చేతుల కింద అటొకటీ ఇటొకటీ లాగే వస్తువులు తగిలేసరికి ఆవిడ వేళ్లు పాత పనికి పోయాయి. నలభై ఏళ్లకు పైగా పగ్గం పట్టని వేళ్లు.

"ఇవి పగ్గాలు కావు. అవి ఉన్నాయన్న సంగతే మర్చిపో. తిప్పడం తిప్పడమే, మీట మీటే."

"మీరు పగ్గాలని మర్చిపో అంటే అవి ఇంకా గుర్తొస్తన్నయ్యండీ."

పొట్టు తుడుచుకుని ఇంటికొచ్చాం. ఆ మధ్యాహ్నమే బావమరిదికి ఎలా చేరిందో చేరింది. ఫోన్ చేశాడు. "అక్కా, ముల్లుకర్ర ఒకటి పంపించనా?"

"నీ నోట్లో పెట్టుకో" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

మర్నాడు కూడా అంతే జరిగింది. ఆ మర్నాడు కూడా. మలుపు రాగానే చూపుడువేలు తనంతట తను మీట వెతుక్కునేది. పైగా ఈ మీటలు స్టీరింగుతో పాటే తిరుగుతాయి. చక్రం సగం తిరిగితే ఎడమది పైకీ కుడిది కిందకీ పోతాయి. ఏది ఏదో తెలియక నాకే తికమక. మైనస్ మీటకు ఎర్ర గుడ్డ టేపు, ప్లస్ మీటకు ఆకుపచ్చ టేపు చుట్టాను. పండుకాయ, పచ్చికాయ అని గుర్తు చెప్పాను. రంగులు బాగానే గుర్తున్నాయి ఆవిడకు. అయినా తప్పు తప్పలేదు.

అసలు చిక్కు రంగులో లేదని అడ్డరోడ్డు మీద తెలిసింది. ముందు పోతున్న గడ్డి ట్రాక్టరును దాటడానికి, "ఎడమది లాగు, తగ్గించు" అన్నాను. ఆవిడ లాగలేదు. బ్రేకు తొక్కింది. ట్రాక్టరు వెళ్లిపోయింది.

"తగ్గించమంటిరి గదా!"

"గేరు తగ్గించమన్నా. గేరు తగ్గిస్తే జోరొస్తుంది."

"తగ్గిస్తే జోరెట్టా వస్తదండీ? కట్ట దిగేటప్పుడు నెమ్మదిగా పోవడానికీ తగ్గించమంటిరి, దాటడానికి బిరాన పోవడానికీ తగ్గించమంటిరి. ఏదో ఒకటి చెప్పండి."

ఆవిడ అడిగింది సబబే. ఇంటికొచ్చి కాగితం మీద రెండు కప్పీలు గీసి, వాటి మధ్య బెల్టు వేసి చూపించాను. పిండిమరలో బెల్టు సంగతి ఇద్దరం ఎరిగినదే. ఇంజను గట్టిగా తిరుగుతూ చక్రాన్ని దగ్గరగా పట్టుకున్నప్పుడు ఎగువకైతే లాక్కుపోతుంది, దిగువకైతే పట్టి ఆపుతుంది. రెండూ ఒకటే పట్టు.

ఆవిడ ఆ బొమ్మను కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూసింది.

"అయితే తగ్గించడం కాదన్నమాట. బిగించడం."

"ఔను. బిగించడమే."

"మరి కుడిది?"

"వదులు చేయడం. దారి సాఫీగా ఉన్నప్పుడు ఇంజను ఊరికే అరవకుండా."

"బిగువు, వదులు" అని ఆవిడ రెండుసార్లు అనుకుంది. "ఈ ముక్క మొదటే చెప్తే పొట్టులో పడేదాన్ని కాదుగా."

నేనూ ఆ రోజు నుంచి నా మాటలు మార్చుకున్నాను. మైనస్, ప్లస్, తగ్గించు, పెంచు అన్నవన్నీ కొట్టేశాను. ఒక నియమం పెట్టాను. మలుపులో మీట ముట్టకూడదు. చక్రం తిన్నగా ఉండగానే బిగించి, తర్వాతే తిప్పాలి. మలుపు అయ్యాక వదలాలి. ఆవిడ అన్నం కలుపుతూ కూడా, "బిగించు, తిప్పు, వదులు" అనుకునేది. మిల్లు వెనక తిరిగిందే తిరిగాం. చేయి తప్పితే బండి ఆపించేవాణ్ని, మొదటి నుంచి మళ్లీ. కోపమొచ్చి ఒకరోజు దిగిపోయింది. కాపలా మనిషి, "ఊరుకోండయ్యా, అలిసిపోయింది" అన్నాడు. ఆవిడ వెంటనే తలుపు తీసి మళ్లీ ఎక్కింది. "ఎవరు అలిసిపోయింది?"

కారుకు ముందూ వెనకా ఎర్ర 'ఎల్' అంటించి ఊళ్లో తిరుగుతుంటే బావమరిది ఎదురుపడ్డాడు. "ఎల్ అంటే ఏందక్కా, లేటా?"

"లేటే. అయితే మాత్రం వస్తన్నాగా."

లైసెన్సు పరీక్షలో వెనక్కి నడపమన్నారు, నడిపింది. తర్వాత కట్ట దాకా వెళ్లొచ్చాం, పొడి రోజున, చాలాసార్లు. వినుకొండ రోడ్డు మీద లారీల రద్దీ ఉన్న వేళల్లో మాత్రం ఆవిడ ఒక్కసారీ నడపలేదు. నేనే వద్దన్నాను.

తొలికోత మొదలైంది. ఆ వారమంతా ఆవిడ పొద్దున్నే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే తోలుకుపోయేది. నేను పక్కన కూర్చునేవాణ్ని. బావమరిది ఒప్పుకోలేదు. "పక్కన బావగారున్నారుగా. చెయ్యి నీది, బుర్ర ఆయనది. లెక్కలోకి రాదు" అన్నాడు.

ఒకరోజు పనుండి పొలం వెళ్లలేదు. కళ్లంలో కాయ ఎర్రగా పరిచి ఉంది. చిల్లులు పడ్డ టార్పాలిన్ పట్టాలను మాటు వేయించడానికి ఆవిడ అంతకుముందే ఇంటికి తెచ్చింది. మాట్లు పడి అవి మా వరండాలోనే మడతపెట్టి ఉన్నాయి. అన్నాలు తిని లేస్తుంటే కోత కూలీల మేస్త్రమ్మ ఫోన్ చేసింది.

"అమ్మగారూ, పడమర మబ్బు పట్టేసింది. గాలి తిరిగింది. పట్టాలేవీ?"

"మా తమ్ముడి కళ్లంలో లేవా?" అంది ఆవిడ.

"ఆయన లోడేసుకుని గుంటూరు పోయాడు. ఆయన పట్టాలు ఆయన కాయ మీదే చాలట్లా. మేం కాయ కుప్ప చేస్తన్నాం, మీరు బిరాన రండి."

ఎండకు కాగిన కాయ మీద వాన పడితే రంగు పోతుంది, బూజు పడుతుంది. ఆ ఏడాది సేద్యమంతా ఆ కళ్లంలోనే ఉంది. పట్టాలు డిక్కీలో, వెనక సీటులో కుక్కాం. ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని చీర కొంగు నడుముకు బిగించింది.

వినుకొండ రోడ్డు ఎక్కగానే పత్తి లారీ ఒకటి ముందు తగిలింది. పత్తి కుక్కిన బోరాలు రెండు పక్కలా లారీ కంటే వెడల్పుగా ఉబ్బి, రోడ్డంతా అదే. వెనక నల్లటి పొగ. హారన్ కొడుతుంటే దాని డ్రైవరు చెయ్యి బయటపెట్టి రమ్మంటాడు, అంతలోనే లోపలికి తీసుకుంటాడు.

"వస్తన్నయ్యా ఎదురుగా? చూసి చెప్పండి" అంది.

నేను ఎడమ పక్క కూర్చున్నాను. కుడి పక్క నాకు చూపే లేదు. తల పూర్తిగా తిప్పి వంగినా ఆవిడ భుజం, ఆ అవతల ఒక మసక. ఉన్నదని చెప్పనూలేను, లేదని చెప్పనూలేను.

"నాకు కనపడదు" అన్నాను. "నువ్వే చూసుకోవాలి."

ఆవిడ ఒక్కసారి నా ముఖం చూసింది. తర్వాత మళ్లీ నన్ను అడగలేదు. కొంచెం వెనక్కి తగ్గి, కొంచెం కుడికి జరిగి, చూసి, మళ్లీ లోపలికొచ్చింది. ఒక బస్సు ఎదురుగా రుయ్యిమని పోయింది. మళ్లీ జరిగింది. ఈసారి ఎర్ర టేపు మీట రెండుసార్లు లాగింది. ఇంజను గొంతు ఒక్కసారిగా పైకి లేచింది, సీటు నా వీపును నెట్టింది. బోరాలు నా కిటికీ పక్కనే గోడలా కదిలాయి, పీచు ఎగిరి అద్దానికి తగిలింది. లారీ వెనకబడింది. ఆకుపచ్చ టేపు మీట లాగింది, ఇంజను సర్దుకుంది. నేను గాలి పీల్చుకున్నాను. నోరు తెరిచి బాగుందనబోతే, "మాట్లాడకండి, కట్టొస్తంది" అంది.

కట్ట ఎక్కేసరికి చినుకులు పెద్దవయ్యాయి. మట్టి రంగు మారుతోంది. దిగే చోట అలవాటు కొద్దీ నా కాలు నా వైపు లేని బ్రేకును తొక్కింది. ఆవిడ మాత్రం దిగక ముందే, చక్రం తిన్నగా ఉండగానే, బిగించింది, ఇంకోసారి బిగించింది. మీటరులో ఒకటి అంకె పడింది. బండి ఊపిరి బిగబట్టినట్టు, ముసలి మనిషి మెట్లు దిగినట్టు, మెల్లగా దిగింది. మలుపు దగ్గర చూపుడువేళ్లు రెండూ స్టీరింగు చక్రం మీదే ఉన్నాయి. వెనక చక్రం ఒకసారి పక్కకు జరిగింది. ఆవిడ బ్రేకు ముట్టలేదు. బండే సర్దుకుంది. కింద సమమైన నేల మీదకు వచ్చి ఆగేసరికి మేస్త్రమ్మా, కూలి ఆడవాళ్లూ తలల మీద గోనెలు వేసుకుని ఎదురొచ్చి డిక్కీ వాళ్లే తీశారు.

ఒక మూల కాయ తడిసింది. అది పాడైనట్టే. మిగతాదంతా కుప్ప చేసి, పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాక వాన గట్టిగా వచ్చింది. అందరం కారులోనూ పాకలోనూ తలదాచుకున్నాం. నలుగురు తడిసిన ఆడవాళ్లు వెనక సీటులో ఇరుక్కుని కూర్చుని, మిరప ఘాటుకు తుమ్ముతూ, ఆవిడ డ్రైవింగు మీద పరాచికాలాడారు. "అమ్మగారూ, రేపట్నుంచి అడ్డరోడ్డు కాడ మమ్మల్నీ ఎక్కించుకో. టికెట్టు కొట్టు."

సాయంత్రం బావమరిది గుంటూరు నుంచి ఖాళీ ట్రాక్టరుతో తిరిగొచ్చాడు. దారిలో వానకు చిక్కి తడిసి ఉన్నాడు. కళ్లంలో మా కారు, దాని చక్రాలకు పట్టిన రేగడి, పట్టాలు కప్పిన కుప్ప, అన్నీ చూశాడు. తన కళ్లం వైపు చూశాడు. ఆవిడ మిగిలిన పట్టా ఒకటి అతని కాయ మీద కూడా కప్పించి ఉంచింది.

"అన్ని లారీల మధ్యన ఎట్టా వచ్చావక్కా?"

"చూసుకుని వచ్చా."

"బావగారు చెప్తంటే..."

"ఆయనకి కనపడలా. అడిగితే కనపడట్లేదనే చెప్పాడు."

అతను నా వైపు చూశాడు. నేను తల ఊపాను. తువ్వాలుతో తల తుడుచుకున్నాడు. "సరేలే. మాట మాటే. కౌలు మాట ఎత్తను" అన్నాడు. ఆ తర్వాత, "తడిసిన కాయ వేరుగా పోయించు. రేపు నేను వస్తాలే, సాయం పడతా" అన్నాడు.

మర్నాడు పొద్దున నేను లేచి, మందు వేసుకుని, చొక్కా తొడుక్కుని వరండాలోకి వచ్చేసరికి ఆవిడ కారు అద్దం తుడుస్తోంది. నేను చెప్పులు వేసుకోబోయాను.

"మీరెందుకండీ?" అంది.

"పక్కన ఉంటాగా."

"అడ్డరోడ్డు కాడ నలుగురు ఎక్కుతారు, మేస్త్రమ్మ కూడా వస్తంది. మీరు కూర్చుంటే చోటు చాలదు." తర్వాత గొంతు కొంచెం తగ్గించి, "అన్నం వండి ఉంచండి. పప్పు నానబెట్టా. ఎండెక్కే లోపు వచ్చేస్తా" అంది.

గేటు తీశాను. వెనక్కి చక్కగా వచ్చింది, వీధిలోకి తిరిగింది, వెళ్లిపోయింది. నేను చెప్పులు విడిచి వంటింట్లోకి పోయాను. గిన్నెలో నానిన కందిపప్పు ఉంది. నీళ్లు ఎన్ని పొయ్యాలో, ఉప్పు ఎప్పుడు వెయ్యాలో నాకు తెలియదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అప్పటికి ఆవిడ వినుకొండ రోడ్డు ఎక్కి ఉంటుంది. ఫోన్ అలమారలో పెట్టేసి స్టవ్ వెలిగించాను.